అన్న బొమ్మకి తమ్ముడి మొహం

బొమ్మ పెట్టించాలన్న ఆలోచన అచ్చిబాబుది. పెట్టించాక దాని ముందు నిలబడి దండం పెట్టాల్సింది వాళ్ళమ్మ మాణిక్యాంబ. మధ్యలో ఇరుక్కుపోయినవాడు మాత్రం చిట్టియ్య.

చిట్టియ్యకి అన్న వెంకన్న. ఊళ్ళో మిలట్రీ వెంకన్న అంటేగాని తెలియదు. మీసం మొలుస్తుండగానే పటాలంలో చేరాడు. హవల్దారయ్యాడు. రెండు యుద్ధాలు చూశాడు. తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు చక్కగా సంసారం చేసుకున్నాడు. క్రిందటి కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే వీధరుగు మీద గడ్డం గీసుకుంటూ, అలాగే కుర్చీలో తల వాల్చేశాడు. సగం మొహానికి నురగ ఉండిపోయింది. తువ్వాలు తడిపి ఆ నురగ తుడిచింది చిట్టియ్యే.

సంవత్సరీకం నాటికి కాలవ వంతెన పక్కన నాన్న బొమ్మ నిలబెట్టాలని అచ్చిబాబు పట్టుపట్టాడు. అతనికి మండపేటలో ఎరువుల కొట్టుంది, నలుగురిలో మాట చెల్లుతుంది. పంచాయతీ వాళ్ళు జాగా చూపించారు. కొత్తపేట వెళ్ళే దారిలో బొమ్మలు చేసే లింగాచారిగారికి పని ఒప్పజెప్పారు. నడుం దాకా బొమ్మ. నెత్తిన పటాలం టోపీ, గుండెల మీద మెడల్సు.

"ఫొటో ఇవ్వండి," అన్నారు లింగాచారిగారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వెంకన్న తీయించుకున్న ఫొటోలు రేకుపెట్టెలో ఉండేవి. ఎనభై ఆరు వరదలో ఆ పెట్టెని గోదారి పట్టుకుపోయింది. మిగిలినవి మూడు. ఒకటి ఓటరు కార్డు. అందులో ఉన్నది వెంకన్నే అని పక్కన రాసి ఉంది కాబట్టి నమ్మాలి. ఇంకోటి పటాలం వాళ్ళంతా వరసలు కట్టి దిగింది. అందులో అతని మొహం బియ్యపు గింజంత. ఆఖరిది కూతురు లోవలక్ష్మి పెళ్ళిది. వంగి అల్లుడి కాళ్ళు కడుగుతున్నాడు.

లింగాచారిగారు మూడింటినీ బల్ల మీద పరుచుకుని, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, "ఇందులో నడినెత్తి బాగా వచ్చిందండి," అన్నారు.

ఎవరూ నవ్వలేదు.

"పోనీ నోటితో చెప్పండి. మీసం ఎలా ఉండేది?"

"కోరమీసమండి," అన్నాడు అచ్చిబాబు.

"కోరమీసమేంటి? నాకు ఊహ తెలిసిన కాడ్నుంచీ సన్న మీసమే," అంది లోవలక్ష్మి. ఆ పిల్లని రావులపాలెం ఇచ్చారు. ఈ పని మీదే పుట్టింటికి వచ్చింది.

"సరే. కళ్ళు?"

"నిప్పులండి. నాన్న ఒక్కసారి ఇలా తిరిగి చూశారంటే నాకు నిక్కరు తడిసేది."

"తడిపేది నీ పిరికితనం అన్నయ్యా, నాన్న కళ్ళు కాదు. నాకు జడేసేటప్పుడు నేను అద్దంలో చూసేదాన్నండి. పెదాలు బిగించుకునేవారు గానీ కళ్ళు నవ్వుతానే ఉండేవి. ఆయనేసిన జడ సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక లేచేది కాదండి."

"మిలట్రీ హవల్దారు బొమ్మ నవ్వుతా ఉంటే ఊళ్ళో పరువుంటదా?"

"ఏడుస్తా ఉంటే ఉంటదా?"

లింగాచారిగారు ఇద్దరి మొహాలూ చూసి, నిట్టూర్చి, సిమెంటు బస్తా మీద కూర్చున్న చిట్టియ్య వైపు తిరిగారు. "పెద్దవారు తమరు చెప్పండి."

చిట్టియ్యకి మాట్లాడ్డం అలవాటు లేదు. చేలో ఎడ్లతో తప్ప మనిషితో నాలుగు మాటలు కలిపి అన్నది తక్కువ. అయినా ఇది అన్న సంగతి. చెబుదామని నోరు తెరిచాడు. అన్న నడక కళ్ళకి కట్టింది, గట్టు మీద కూడా పెరేడు మీద నడిచినట్టే నడిచేవాడు. గొంతు వినపడింది. అన్నం తిన్నాక తన కంచం తనే కడుక్కుని, బోర్లించి, గోడకి చేరేసే ఆ చెయ్యి కనపడింది. మొహం దగ్గరికి వచ్చేసరికి తెల్లగా నురగ.

"బానే ఉండేవోడండి," అన్నాడు చివరికి.

లింగాచారిగారు ఆ మాట విన్నారో లేదో. చిట్టియ్యనే కన్నార్పకుండా చూస్తున్నారు. "తమరు స్వయానా తోడబుట్టినవారేనా? ఒకసారి ఇలా వెలుతుర్లోకి రండి. గడ్డం కాస్త ఎత్తండి. ఆఁ, అలాగే ఉండండి."

అలా ఎత్తిన గడ్డం వారం పాటు దించనివ్వలేదు.

రోజూ పొద్దున్నే అచ్చిబాబు మోటారుసైకిలు మీద తెచ్చి షెడ్డులో దింపేవాడు. చిట్టియ్య చెక్క స్టూలు మీద కూర్చునేవాడు. ఎదురుగా ఇనపచువ్వలకి బంకమట్టి పట్టించి లింగాచారిగారు పొడుగు పుల్లతో గీసేవారు, బొటనవేలితో నొక్కేవారు, వెనక్కెళ్ళి చూసేవారు. ఒక మనిషి తన మొహాన్ని అంతసేపు చూడటం చిట్టియ్య ఎరగడు. ఎటు చూడాలో తెలిసేది కాదు. కదలకుండా కూర్చుంటే మనసు అన్న దగ్గరికే పోయేది.

అన్న సెలవుల్లో వచ్చినప్పుడు ఊరంతా వీధిలో మూగేవారు. "యుద్ధం ఎలా ఉంటదన్నయ్యా?" అని తను అడిగాడొకసారి. వెంకన్న చాలాసేపు ఆలోచించాడు. "బూట్లు తడిస్తే ఆరవురా," అన్నాడు. అంతే, ఆ తర్వాత యుద్ధం గురించి ఎవరడిగినా అదే జవాబు. పటాలం వదిలి వచ్చేసిన కొత్తలో వదిన చేతిలో బిందె లాక్కుని కాలవకి తనే వెళ్ళేవాడు. రేవులో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. మగవాళ్ళు బాహాటంగానే నవ్వారు. "ఏం వెంకన్నా, పటాలంలో ఆడంగి పనులు కూడా నేర్పుతారేంటి?" అంటే, "తాగేది నేనూనూ," అని బిందె భుజానికెత్తుకుని చక్కా వచ్చేవాడు. నాలుగు రోజులు నవ్వి ఊరే అలిసిపోయింది.

ఇదంతా చిట్టియ్యకి నిన్న జరిగినట్టుంది. కానీ బిందె భుజానికెత్తుకున్న ఆ మనిషి ఇటు తిరిగితే మొహం ఏది?

ఆఖరి రోజు పిల్లలిద్దరూ వచ్చారు. లింగాచారిగారు తడి గోనెపట్టా తీసేసరికి లోవలక్ష్మి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నాన్నే! అచ్చం నాన్నే!" అని మట్టి భుజం మీద చెయ్యేసి బావురుమంది. అచ్చిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. కోరమీసం గొడవా లేదు, నవ్వు గొడవా లేదు. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చేశారు.

చిట్టియ్య వాళ్ళ వెనక నుంచి చూశాడు. అద్దంలో చూసుకున్నట్టుంది. నెత్తిన టోపీ ఒకటి, గుండెల మీద తనెప్పుడూ తెచ్చుకోని మెడల్సు. బుగ్గ మీద పులిపిరి కూడా పెట్టేశాడు మహానుభావుడు. పులిపిరి తనది. అన్నకి ఉండేదా? ఉంటే కుడి బుగ్గ మీదా? ఎంత తవ్వుకున్నా తెలియలేదు. పైగా ఆ మట్టి మొహం చూసిన దగ్గర్నుంచి, కళ్ళు మూసుకుంటే వచ్చే నురగ కూడా రావడం మానేసి ఇదే రావడం మొదలెట్టింది.

ఇంటికెళ్ళి గూట్లో అద్దం తీశాడు. తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఏంటా మురిపెం? మళ్ళీ పెళ్ళిచూపులకేమైనా వెళ్తున్నావా?" అంది అతని పెళ్ళాం తలుపులమ్మ.

"నాకూ అన్నయ్యకీ పోలికుందంటావా?"

"పోలికేంటి? ఆయన మొహం ఆయనది, నీ మొహం నీది."

"ఆయనది ఎలా ఉంటది?"

తలుపులమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది. "బావగారి మొహం నేనెప్పుడు చూశాను? గుమ్మంలోకొస్తే తలుపు చాటుకి పోయేదాన్ని. దగ్గు తెలుసు," అని మళ్ళీ చెరుగుతూ కూర్చుంది.

మర్నాడు వంతెన దగ్గర టీకొట్టులో ఆగాడు. వార్త అప్పటికే ఊరు చుట్టేసింది.

"ఏం చిట్టియ్యగారూ! బతికుండగానే బొమ్మ వేయించుకుంటున్నారంట, అదృష్టవంతులు."

"ఏ యుద్ధం చేశారండీ తమరు?"

"ఎందుకు చెయ్యలేదు? మొన్న దాళ్వా పంటలో ఎలకలతో చేశారుగా!"

అందరూ నవ్వారు. చిట్టియ్యా నవ్వాడు. నవ్వు సందులోనే, మంచివాడే, ఒక నడివయసు రైతు గ్లాసు కింద పెడుతూ అనేశాడు: "అది సరేగానీ, సంవత్సరీకం నాడు మాణిక్యాంబగారు దండ ఎవరి మెళ్ళో వేస్తున్నట్టండీ?"

నవ్వు ఠక్కున ఆగింది. అన్నవాడు నాలిక్కరుచుకున్నాడు. "ఏదో నోరు జారిందండి," అన్నాడు. చిట్టియ్య గ్లాసు అక్కడే పెట్టేసి లేచాడు.

అప్పటిదాకా ఎటూ తేలని అయోమయం ఒక్కసారి ముల్లులా గుచ్చుకుంది. ఆ వంతెన పక్కన తన మొహం నిలబడుతుంది. వదిన దానికి దండ వేస్తుంది. పండక్కీ పబ్బానికీ కొత్త గుడ్డ కప్పుతుంది. తను కాలవగట్టు మీద పోతుంటే, ఒకే మొహం అటూ ఇటూ. తను పోయాకైనా అది పోదు. అన్న మొహం మాత్రం గోదారిపాలైన పెట్టెలో ఎటో పోయింది, ఇక రాదు.

బస్సెక్కి మండపేట కొట్టుకి వెళ్ళాడు. అచ్చిబాబు యూరియా బస్తాలు దింపిస్తున్నాడు.

"ఒరే, అది నేన్రా," అన్నాడు చిట్టియ్య.

"ఏది చిన్నాన్నా?"

"బొమ్మ."

"ఓస్, అదా! రక్తం ఒకటేగా చిన్నాన్నా."

"రక్తం ఒకటైతే మొహం ఒకటా?"

అచ్చిబాబు చేతులు దులుపుకుని దగ్గరికొచ్చాడు. "పోనీ ఏం మార్చమంటావో చెప్పు. ముక్కా? చెవులా? నువ్వు చెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఎల్లుండి ప్లాస్టరు పోసి అచ్చు తీసేస్తారు. ఆ తర్వాత ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు."

ముక్కు అనబోయాడు. అన్న ముక్కు ఎలా ఉండేది? చెవి అనబోయాడు. ఏమో.

"అమ్మకి చూపించావా?"

"తెర తీసే రోజున చూస్తదిలే. ముందే చూపిస్తే బెంగెట్టుకుంటది. నువ్వు మజ్జిగ తాగెళ్ళు చిన్నాన్నా, ఎండగా ఉంది."

మజ్జిగ తాగలేదు. తిన్నగా వదిన దగ్గరికి వచ్చాడు. మాణిక్యాంబ పెరటి వసారాలో చింతపండు పిక్క తీస్తోంది. అతను స్తంభానికానుకుని నిలబడ్డాడు.

"వదినా, అన్నయ్య మొహం ఎలా ఉంటది?"

"మొహంలా ఉంటది. అదేం ప్రశ్నరా చిట్టియ్యా?" అంది తలెత్తకుండా. తర్వాత చెయ్యి ఆగింది. పిక్కలు గిన్నెలో పడటం లేదు.

చిట్టియ్య ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. టీకొట్టు మాట చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఆమెకి అర్థమైంది. లేచి చేతులు కడుక్కుని కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"ఏడాది తిరక్కుండా గడప దాటకూడదంటారే," అన్నాడు అతను.

"ఆయన దగ్గరికేగా వెళ్ళేది. పద."

షెడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. లింగాచారిగారు గోనెపట్టా తొలగించారు. మాణిక్యాంబ బొమ్మని చూసింది. చిట్టియ్యని చూసింది. మళ్ళీ బొమ్మని చూసింది.

"టోపీ నీకు నప్పిందిరా," అంది.

తర్వాత లింగాచారిగారి వైపు తిరిగింది. "బాబూ, మీ చేతిలో పనితనం ఉంది. కాదనను. కానీ ఈయన నా మరిది. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు నా చేత్తో అన్నం పెట్టాను. ఈయన్ని నా పెనిమిటనుకుని దండం పెట్టమంటే నావల్ల కాదు."

లింగాచారిగారు నొచ్చుకోలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని పుల్ల తీసుకున్నారు. "ఆ మాట చెప్పేవాళ్ళ కోసమే చూస్తున్నానమ్మా. అచ్చు ఎల్లుండి. ఈలోగా ఎంతైనా మార్చచ్చు. చెప్పండి, ఏం మార్చను?"

మాణిక్యాంబ ముక్కు వైపు వేలు చూపించింది. ఆ వేలు గాల్లోనే ఉండిపోయింది. బుగ్గ వైపు తిరిగి, అక్కడా నిలవలేదు.

"ఎప్పుడు చూశాను బాబూ," అంది మెల్లగా. "కొత్తలో అత్తగారి ముందు తలెత్తే పని లేదు. సెలవుకొచ్చేవారు, ఇల్లంతా చుట్టాలే, మళ్ళీ రైలెక్కేసేవారు. వచ్చేశాక ఇంట్లోనే ఉన్నారు. రోజూ ఇంట్లో ఉండే మనిషిని ఎవరైనా చూస్తారా?"

వదినకీ తెలియకపోతే ఇక ఎవరిని అడగాలి? ఆమె కాలు నిలవక బొమ్మ చుట్టూ తిరిగింది. తిరిగి వెనక్కెళ్ళి అక్కడ ఆగింది.

"ఇదేంటిది?"

వెనక పని జరగనేలేదు. మట్టి ముద్దలు ముద్దలుగా కొట్టేసి ఉంది. మెడ మీద వేళ్ళ గుర్తులు.

"ముందు వైపే కదమ్మా జనం చూసేది. వెనక పైపైన నున్నగా చేసి వదిలేస్తాం."

"రోడ్డు మీద పోయేవాళ్ళు ముందు చూస్తారు బాబూ. మా ఇల్లు కాలవకి ఇవతల. నా అరుగు మీంచి కనపడేది వీపే." ఆమె చెయ్యి చాపి మట్టి మెడ మీద పెట్టింది. "ఇంత లావు కాదు. ఇక్కడ రెండు నరాలు, మధ్యన గుంట. సైకిలు మీద ఆయన ముందు, నేను వెనక. మండపేట సినిమాకైనా, బ్యాంకుకైనా, పిల్ల ఇంటికైనా అంతే కదా. వానొస్తే నీళ్ళు ఈ గుంటలోకొచ్చి ఆగేవి. నేను కొంగుతో తుడిచేదాన్ని."

లింగాచారిగారు కళ్ళజోడు సర్దుకుని పక్కకొచ్చి నిలబడ్డారు. "ఇలాగామ్మా?"

"ఇంకా లోతు. ఊఁ. ఈ చెవి వెనక్కి ఆని ఉండదు, బయటికి ఉంటది. కుడి భుజం దించండి. ఆయన తుపాకీ మోసి మోసి అనేవారు. బిందె మోసి అని నేననేదాన్ని. ఇంకా దించండి బాబూ, మొహమాటపడతారేంటి?"

మాటలతో అవటం లేదని ఆమే చీరకొంగు నడుముకి దోపుకుని మట్టిలో వేళ్ళు పెట్టింది. లింగాచారిగారు లోపలి చువ్వని వంచారు. భుజం దిగింది. భుజం దిగేసరికి మెడ లాగింది, మెడ లాగేసరికి తల కొంచెం పక్కకి ఒరిగింది. ఆయన ముందుకొచ్చి బుగ్గ పట్టుకుని, "మెడ కదిలితే మొహం ఊరుకోదమ్మా," అని గొణుక్కుంటూ గడ్డం కింద మట్టి తీసి, కనుబొమ దగ్గర అంటించి, ఏదేదో చేస్తున్నారు. పులిపిరి ఎటు పోయిందో పోయింది.

చిట్టియ్యకి అక్కడ పనేమీ కనపడలేదు. బయటికొచ్చి రేకు కింద కూర్చున్నాడు. చుట్ట ముట్టించాడు. లోపల వదిన గొంతు వినపడుతూనే ఉంది: ఇటు, అటు కాదు, అలాగే, అయ్యో ఎక్కువైంది. ఆమె అంత మాట్లాడగా అతను ఎప్పుడూ వినలేదు. తన మొహం ఎలాగూ చెరిగిపోతోంది. దాని బదులు ఎవరిది వస్తుందో? ఎవరిదీ కానిది వచ్చి కూర్చుంటే? తనదే నయమని పిల్లలు మీద పడితే ఏం చెప్పాలి? చుట్ట సగం కాలింది. ఏమీ తేలలేదు.

"చిట్టియ్యా, ఓసారి రా," అని వదిన పిలిచింది.

లేచి లోపలికెళ్ళాడు. బొమ్మ వెనక మట్టి చేతులతో నిలబడి ఉంది ఆమె. వాలుపొద్దు గుమ్మంలోంచి తిన్నగా బొమ్మ మీద పడుతోంది. చిట్టియ్య చుట్టూ తిరిగి ముందుకొచ్చి తలెత్తాడు.

ఎవరో ఉన్నారు. తను కాదు. ముక్కు ఇంకా తనదేనేమో అనిపించింది. కాదేమో. కుడి భుజం దించుకుని, తల కాస్త ఒరగేసి, ఏదో అడగబోయినట్టు చూస్తున్నారు. పోల్చుకోవాలని చూశాడు. పోల్చుకోడానికి మనసులో ఏమీ లేదు.

లేదనుకుంటూ ఉండగానే అతని చెయ్యి గభాల్న వీపు వెనక్కి పోయింది. చుట్ట పట్టుకున్న చెయ్యి.

తల నెరిసినా, మనవలు పుట్టినా, అన్న ఎదుట చుట్ట పట్టుకుని నిలబడిన రోజు లేదు చిట్టియ్యకి. అన్న దగ్గు వినపడితే చాలు, చుట్ట గోడవతల ఉండేది.

అతని భుజం మీంచి సన్నగా పొగ లేచింది. మాణిక్యాంబ ఆ పొగని చూసింది, వంచుకున్న అతని తలని చూసింది. లింగాచారిగారు పుల్ల ఎత్తి పెదవి దగ్గర ఏదో సర్దబోయారు.

"ఇంక ముట్టుకోకండి బాబూ," అంది ఆమె.

"మొహం ఇంకా పూర్తి కాలేదమ్మా."

"అక్కర్లేదు. అచ్చు తీసుకోండి."

"అన్నయ్యేనంటావా వదినా?" అన్నాడు చిట్టియ్య నేల చూపులు చూస్తూ.

"నన్నడుగుతావేంట్రా? ముందు అది పారేసి రా, చెయ్యి కాలుతుంది."

అప్పుడు తెలిసింది అతనికి చుట్ట సంగతి. ఎందుకు దాచాడో మాత్రం తెలియలేదు. మట్టికి దాయడమేంటి? అయినా చెయ్యి ముందుకి తేలేకపోయాడు. బొమ్మకి తన వీపు కనపడనివ్వకుండా, గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికి పోయాడు.